గోడకి రేకేవిటే!

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని నిలబెట్టి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. అనివుంటే కాస్త ముందునించీ జాగ్రత్తపడేదాన్ని.

నేను నవలలు రాస్తాను. ఇప్పటికి పన్నెండు రాశాను. వాటిల్లో ఎన్ని ఇళ్ళు కట్టించానో లెక్కలేదు. వరండాలో ఉయ్యాల, గుమ్మానికి సన్నజాజి పందిరి, కిటికీలోంచి కనబడే గోదావరి, అన్నీ ఏర్పాటు చేశాను. కానీ ఒక్క ఇంటికైనా కప్పు ఏమిటో రాసిన పాపాన పోలేదు. మా నాయికలంతా ఆకాశం కిందే కాపరం చేశారన్నమాట! బి.ఏ.లో నేను చదువుకున్నవి చరిత్ర, ఆర్థికశాస్త్రం, తెలుగు. అక్బరు పట్టాభిషేకం తేదీ అడిగితే చెబుతాను గానీ, రేకు మందం ఎంతుండాలని అడిగితే నేనేం చెప్పగలను?

అలాంటిదాన్ని ఒకే వారంలో రెండు ఇళ్ళవాళ్ళు అడిగారు.

మొదటి ఫోను సోంపేట నించి, అమ్మ. "వంటింటి మూల వాసం విరిగిందే. నిన్నటి వానకి పొయ్యి మీదికే ధార. బల్లి కూడా అటువైపు పోవటం మానేసింది" అంది. బల్లి సంగతి చెప్పిందంటే వ్యవహారం ముదిరిందని అర్థం. అమ్మ చిన్నవాటికి ఫోన్ చేసే మనిషి కాదు.

రెండోది మినియాపొలిస్ నించి, మా చెల్లెలు. "అక్కా, కిందటి వేసవి వడగళ్ళకి మా ఇంటి గోడల మీది ప్లాస్టిక్ పలకలన్నీ పగిలిపోయాయి. ఇప్పుడు లోహం వేయించాలనుకుంటున్నాం. ఉక్కుదా, అల్యూమినియందా? ఏ రంగు? నాకేమీ తోచటం లేదు."

ఇద్దరినీ ఒకే లైన్లో కలిపాను. మాకది ఆదివారం పొద్దుటి అలవాటు. ఇక్కడ కాఫీ వేళ, అక్కడ శనివారం రాత్రి భోజనాలైన వేళ. చెల్లెలు రేకు సంగతి ఎత్తగానే అమ్మ ఉలిక్కిపడింది.

"గోడకి రేకేవిటే! గోడకి సున్నం వేస్తారు గానీ!"

నవ్వకండి. ఆ మాటకి నేనూ తెల్లబోయినదాన్నే. మన దేశంలో గోడ అంటే గోడే. ఇటుకో, రాయో, మట్టో, దాని ఒంటి మీద చొక్కా అక్కర్లేదు. అక్కడ అలా కాదట. చెక్క కమ్మీలు నిలబెట్టి, వాటిమధ్య దూది లాంటిది కూరి, లోపల ఒక పలక, బయట ఒక పలక బిగిస్తారు. ఆ బయటి పలక తడవకుండా పైన ఒక తొడుగు వేస్తారు. ఇంటికి ఉన్ని చొక్కా లోపలా, వానకోటు బయటా అన్నమాట. ఆ వానకోటే ఇప్పుడు చిరిగింది.

"అయితే మన పక్కా ఇళ్ళకంటే కోమటి కొట్టు బల్లలపెట్టె నయం" అంది అమ్మ. చెల్లెలు కాస్త చిన్నబుచ్చుకుంది. ముప్పై ఏళ్ళు అప్పు కట్టవలసిన ఇంటిని బల్లలపెట్టె అంటే ఎవరికి మాత్రం బాగుంటుంది?

అసలు అమ్మకి రేకంటేనే పడదు. ఎందుకు పడదో చెప్పాలంటే 2018కి వెళ్ళాలి.

సోంపేట ఎక్కడని అడిగేవాళ్ళ కోసం ఓ మాట. మద్రాసు - హౌరా రైలు దారిలో సోంపేట అని స్టేషను వస్తుంది గానీ, దిగితే అది కంచిలి. అక్కణ్ణించి మళ్ళీ మా ఊరికి రావాలి. ఇటు బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. సముద్రం మాకు పట్టుమని పది కిలోమీటర్లు లేదు. చుట్టూ ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడి, పనస, మామిడి. ఎండ నేలని తాకటానికి అనుమతి అడగాలి. చిన్నప్పుడు ఇంత నీడ లోకమంతా ఉంటుందనుకునేదాన్ని.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల గాలి అని తర్వాత చదివాను. దసరా నవరాత్రులు మొదలై రెండో రోజు. నేను పండక్కని ముందే అమ్మావాళ్ళ దగ్గరికి వచ్చి ఉన్నాను. అంతకు అయిదేళ్ళ కిందట, 2013 అక్టోబరులో, ఫైలిన్ వచ్చినప్పుడు కూడా మా ఇల్లు చూసింది గాలి అంటే ఏమిటో. అయినా ఇది వేరు. గాలి ఒక ఊపున వీయలేదు. నిలబడి, ఊపిరి పీల్చి, మళ్ళీ వచ్చింది. పెంకులు ఒకటొకటి కాదు, వరసలకి వరసలు జారిపోయాయి. 

నాన్నగారు వీధి అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. ఆయనకి గాలిని చూడటం సరదా. "ఏమండీ, లోపలికి వస్తారా, నన్ను రమ్మంటారా?" అని అమ్మ కేకేసింది. ఆయన లేచారు. గడప దాటి లోపలికి వచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నారు. అప్పుడు చప్పుడైంది. తలుపు సందులోంచి టార్చి వేసి చూస్తే, ఎవరి చావిడిదో ఒక జింకు రేకు, నాన్నగారు ఆనుకున్న స్తంభంలోకి అంచు దిగి, ఇంకా వణుకుతోంది. సరిగ్గా కూర్చున్న మనిషి మెడ ఎత్తున.

మన భాషలో రేకు ఎంత సుకుమారమైన మాట! పూరేకు, పూతరేకు. అన్నమయ్య పాటల్ని దాచింది రాగిరేకుల మీద. ఆ మాట వింటే నాకు ఆ రాత్రి స్తంభమే కనబడుతుంది. ఎగరటం మటుకు పూరేకు లాగే ఎగిరింది.

తెల్లారి చూస్తే ఉద్దానం లేదు. ఆకాశం ఉంది. పుట్టి బుద్ధెరిగాక మా పెరట్లోంచి అంత ఆకాశం ఎప్పుడూ చూడలేదు. కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఎన్నేళ్ళు పడుతుందో, ఒక చెట్టు ఒక కుటుంబానికి ఎన్ని నెలల గ్రాసమో, మా వైపు చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. అందుకే ఎవరూ ఏడవలేదు. చెట్ల మొదళ్ళ మీద కూర్చుని ఊరుకున్నారు. కరెంటు రావటానికి రోజులు పట్టింది. ఫోన్లు లేవు. అన్ని రోజులూ మినియాపొలిస్‌లో మా చెల్లెలు టీవీ ముందు అన్నం కంచంతో కూర్చుని, తినకుండా లేచిపోయేదట.

ఆ తర్వాత మూడు నెలలకే వంతు మారింది. 2019 జనవరి చివర్లో అక్కడ చలి సున్నాకి కింద ముప్పై డిగ్రీలు దాటింది. "బయట అయిదు నిమిషాలు చేతులు చాపి నిలబడితే వేళ్ళు పోతాయట" అని నాన్నగారు పేపరు చదివి చెప్పారు. ఆ రాత్రి అమ్మ నిద్రపోలేదు. మా పెంకుటింట్లో ఫ్యాను తిరుగుతోంది. అమ్మ ఆ ఫ్యాను కింద దుప్పటి కప్పుకుని కూర్చుంది. చలి వేసి కాదు. కూతురికి వేస్తుందని.

నాన్నగారు 2021లో పోయారు. స్తంభంలో ఆ కోత అలాగే ఉంది. మేస్త్రీ లప్పం పెడతానంటే అమ్మ వద్దంది. తుపాను మర్నాడే ఒట్టు పెట్టుకుంది, ఈ ఇంటి మీద రేకు పడదని.

ఇప్పుడు ఆ ఒట్టుతోనే చిక్కొచ్చింది.

మా ఇల్లు తాతగారు కట్టింది. మట్టి అడుసు పెట్టి పేర్చిన ఇటిక గోడలు, తాటి దూలాలు, తాటి వాసాలు, పైన బెంగుళూరు పెంకు. మనం బెంగుళూరు పెంకంటాం గానీ అది పుట్టింది మంగుళూరులో. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. ఆ పెంకు ఎంత మంచిదంటే, ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఇంట్లో మనిషి మనిషిలాగే ఉంటాడు. కానీ ఇప్పుడు పెంకు దొరికితే నేసేవాడు లేడు, నేసేవాడు దొరికితే వాసం లేదు. తిత్లీకి పోయినవి పోగా మిగిలిన పెంకులు పెరట్లో బొత్తిగా పేర్చి ఉన్నాయి. సగం ఇంటికి కూడా చాలవు.

పోనీ స్లాబు వేద్దామంటే, ఆ బరువు మోయటానికి మట్టి అడుసు గోడలు ఒప్పుకోవు. పడగొట్టి కొత్తది కట్టాలి. సిమెంటు రేకు చవక. కానీ అందులో ఉన్న ఆస్బెస్టాస్ ఊపిరితిత్తులకి శత్రువని చాలా దేశాలు దాన్ని నిషేధించాయి. పైగా గాలికి ఒక కొమ్మ పడితే అప్పడంలా పగులుతుంది. అన్నీ తీసేస్తే మిగిలింది ఇనప రేకు.

"అక్కా, ఒక మాటంటాను, కోప్పడకు" అంది చెల్లెలు, అమ్మ లైన్లో లేనప్పుడు. "అమ్మేద్దాం. డెబ్బై ఆరేళ్ళ మనిషి ఒక్కతీ అక్కడ ఉండటం ఏమిటి? నీ దగ్గర వైజాగులో ఆర్నెల్లు, నా దగ్గర ఆర్నెల్లు ఉంటుంది. రేకులకి పెట్టే డబ్బు దండగ."

కోపం రాలేదు. నిజం చెప్పొద్దూ, ఆ మాట నా మనసులోనూ ఉంది. చెల్లెలు పైకి అనేసింది, అంతే. ఇద్దరు కూతుళ్ళకీ ఒకే ఆలోచన వచ్చిందంటే అది సబబైనదై ఉండాలి కదా!

ఆ శనివారమే సోంపేట వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలా అని రైల్లో మూడు రకాల సంభాషణలు రాసుకున్నాను, మనసులో. నవలా రచయిత్రిని గదా. తీరా వెళ్ళేసరికి అమ్మ వంటింట్లో గొడుగు వేసుకుని పప్పు పోపు పెడుతోంది. ఎడంచేత్తో గొడుగు, కుడిచేత్తో గరిటె. నన్ను చూసి, "కాళ్ళు కడుక్కో. పులుసు గొడుగు కిందకి రాదు, దాన్ని రేపు చేస్తాను" అంది.

నా మూడు సంభాషణలూ గుటకేసి మింగాను.

భోంచేశాక తనే అంది. "నీ చెల్లెలు నీతో ఏమందో నాకు తెలుసు. అది పుట్టినప్పటినించీ చూస్తున్నాను. మీ ఇద్దరూ చెప్పేది తప్పని నేననను. కానీ నేనిక్కడ లేచేసరికి ఏ పనెక్కడుందో నాకు తెలుసు. అక్కడ లేస్తే ఎవరో చెప్పాలి. ఆ తేడా ఎంతో మీకిప్పుడు తెలియదు." కాస్సేపాగి, "రేకే వేద్దాం. కానీ ఎగరని రేకు వెయ్యి" అంది.

ఒట్టు తీసి గట్టున పెట్టింది. ఆ ఒట్టు విలువ తెలిసినదాన్ని గనక నాకు నోట మాట రాలేదు.

ఎగరని రేకు! అక్కణ్ణించి మొదలైంది నా చదువు. బి.ఏ. తర్వాత ఇంత శ్రద్ధగా నేనేదీ చదవలేదు.

రేకుకి మడతలు పెట్టే ఉపాయం ఇంగ్లండులో హెన్రీ పామర్ అనే ఇంజనీరు కనిపెట్టాడు. 1829లో పేటెంటు తీసుకున్నాడు. చదునుగా ఉంటే తడిసిన కాగితంలా వంగిపోయే రేకు, అలలు అలలుగా మడతపెడితే మనిషి బరువు మోస్తుంది. చీరె కుచ్చిళ్ళు పెడితే నిలబడ్డట్టు. అయితే ఇనుముకి తుప్పు ఉంది గదా. దానికి జింకు పూత పూసే పద్ధతికి ఫ్రాన్సులో స్టానిస్లాస్ సోరెల్ 1837లో పేటెంటు తీసుకున్నాడు. ఈ పూతలో ఒక విశేషం ఉంది. గీత పడి ఇనుము బయటపడినా, ఉప్పుగాలి ముందు జింకునే తింటుంది. జింకు ఉన్నంతకాలం ఇనుము జోలికి రాదు. 

ఇది చెబితే అమ్మ, "మీ బామ్మ లాగన్నమాట" అంది. అంతకంటే వివరించలేదు. మా బామ్మ సంగతి మాకు తెలుసు.

జింకు తరగటం మొదలెడితే సముద్రం పక్క ఊళ్ళలో తొందరగానే తరుగుతుంది. అందుకని అమెరికాలో 1972 నించీ ఇంకో పూత వచ్చింది. నూటికి యాభై అయిదు వంతులు అల్యూమినియం, నలభై మూడు పైచిలుకు జింకు, ఒకటిన్నర పైన సిలికాను. అల్యూమినియం పైన కవచంలా ఉంటుంది, జింకు గీతల దగ్గర కాపలా కాస్తుంది. ఆ పైన రంగు. ఇప్పుడు మన బజార్లలో కనబడే రంగు రేకుల్లో మంచివి ఇవే. మంచివి అని ఎందుకన్నానంటే, కొట్టువాడు అన్నీ అవేనంటాడు.

కాశీబుగ్గలో ఒక దుకాణానికి వెళ్ళాం, అమ్మా, నేనూ, మేస్త్రీ. యజమాని కూల్‌డ్రింకులు తెప్పించాడు. "అర మిల్లీమీటరు మందం, అమ్మా! మనవలు కూడా దీని కిందే పెళ్ళి చేసుకుంటారు" అన్నాడు. చూస్తే బాగానే మెరుస్తోంది. నాకు కొనేయాలనిపించింది. కూల్‌డ్రింకు తాగాక బేరం మానుకోవటం నాకు చేతకాదు.

అమ్మ గ్లాసు ముట్టలేదు. "నాయనా, ఒక రేకు కాటా మీద పెట్టించు" అంది.

అదెందుకో ఆయనకి అర్థమైంది, నాకు కాలేదు. తర్వాత లెక్క కట్టాను. నాలుగడుగుల వెడల్పున్న చదును రేకుని మడతలు పెడితే మూడున్నర అడుగులవుతుంది. పదడుగుల పొడవున, అర మిల్లీమీటరు మందాన, అది పధ్నాలుగు కిలోల పైన తూగాలి. కాటా మీద పది చిల్లర తూగింది. అంటే మందం మూడోవంతు దాకా తగ్గిందన్నమాట! ఉద్దానంలో జీడిపిక్కల తూకం చూస్తూ పెరిగిన మనిషిని మెరుపుతో మోసం చెయ్యలేరు. అమ్మ లేచి, "వస్తాం బాబూ" అంది. మూడో దుకాణంలో తూకం సరిపోయింది. అక్కడ కూల్‌డ్రింకు లేదు.

రంగు దగ్గర నాకు ఎర్రది నచ్చింది, పెంకులా ఉంటుందని. కానీ లేతరంగు ఎండని వెనక్కి కొడుతుంది, ముదురు రంగు తాగుతుంది. అందుకని తెలుపుకి దగ్గరగా ఉన్నది తీసుకున్నాం. రేకు కింద ఒక జానెడు ఖాళీ వదిలి చెక్క సీలింగు కొట్టించమన్నాను. వేసవిలో అమ్మ వేగిపోకుండా.

ఇక బిగింపు. మా మేస్త్రీ ఉద్దానం మనిషి. ఫైలిన్ చూశాడు, తిత్లీలో సొంత ఇంటి కప్పు పోగొట్టుకున్నాడు. "గాలి రేకుని తోస్తాది అనుకుంటారమ్మా. తొయ్యదు. పైనించి పోతా పోతా పైకి పీకుతాది. మద్దినున్న రేకు ఉంటాది గానీ, సూరు కాడా, మూలల కాడా, నడికప్పు కాడా ముందు లేస్తాది. ఒక్క మూల లేసిందా, ఇంక ఇల్లంతా సాప సుట్టినట్టే" అన్నాడు. ఏ ఇంజనీరింగు పుస్తకం చూసినా ఇదే ఉంది, ఇంత బాగా లేదు.

ఆ లెక్క ప్రకారమే చూరు వెంబడీ మూలల్లోనూ ప్రతి మడతకీ ఒక స్క్రూ వేశాం. మధ్యలో ఒకటి విడిచి ఒకటి. ప్రతి స్క్రూకీ నల్లటి రబ్బరు వాషరు. వాలు మరీ చదును కాకుండా పెట్టాం. వాలు తక్కువైతే గాలి సులువుగా లేపుతుందట. ఇరవై రెండు నించి ముప్పై డిగ్రీల మధ్య మంచిదంటారు. దూలాల్ని గోడల్లోకి ఇనప పట్టీలతో కట్టించాం. రేకు గట్టిగా ఉండి దూలం వదులైతే, రేకూ దూలమూ కలిసి ఎగురుతాయి. దానికంటే రేకొకటి పోవటమే నయం.

వీధి అరుగు కప్పు మాత్రం ఇంటి కప్పుకి అతకనివ్వలేదు. విడిగా కట్టించాం. అరుగు కప్పు కింద గాలి దూరి ముందు అదే లేస్తుంది. అతికి ఉంటే ఇంటి కప్పునీ వెంట తీసుకుపోతుంది. పెరట్లో దాచిన పెంకులు సరిగ్గా ఆ అరుగుకి సరిపోయాయి. నాలుగడుగులకోసారి పెంకుల మీద సిమెంటు పట్టీ పోయించాం. వీధిలోంచి చూస్తే ఇల్లు పాతదే. స్తంభం, స్తంభంలో కోత, పైన తాతగారి పెంకు. వెనక్కి వస్తేనే కొత్త రేకు.

ఈ పనంతా జరుగుతుండగా అక్కడ మినియాపొలిస్‌లో కూడా పని మొదలైంది. రోజూ రాత్రి వీడియోలో ఇటు మేస్త్రీ, అటు అమెరికా పనివాళ్ళు. మధ్యలో అమ్మ పర్యవేక్షణ.

చెల్లెలు ఉక్కు పలకలే ఎంచుకుంది. ప్లాస్టిక్ చలికి పెళుసెక్కి, దెబ్బ తగిలితే పగులుతుంది. అల్యూమినియం తుప్పు పట్టదు గానీ వడగళ్ళకి సొట్టలు పడుతుంది. ఉక్కు దెబ్బలకి ఆగుతుంది గానీ కోసిన అంచుల దగ్గర పూత ఉండదు, అక్కడ తుప్పు. అందుకని అంచులకి రంగు పూయించమన్నాను. చూశారా, నేను అమెరికాకి సలహాలివ్వటం!

"నేలకి ఆరంగుళాల ఎత్తున ఆపెయ్యమన్నారమ్మా. మంచు పేరుకుంటుంది, పైగా ఉప్పు" అంది చెల్లెలు.

"అక్కడ సముద్రం లేదుగదే, ఉప్పెక్కణ్ణించి?"

"రోడ్ల మీద మంచు కరగటానికి ఉప్పు చల్లుతారమ్మా. కార్లు పోతూ గోడల మీదికి చిమ్ముతాయి."

అమ్మకి ఇది చాలా తృప్తినిచ్చింది. అంత దూరదేశంలో కూడా ఉప్పు బాధ ఉందంటే ఆ ఊరు కాస్త దగ్గరైనట్టనిపించింది కాబోలు.

తంటా వచ్చింది మేకుల దగ్గర. వీడియోలో పనివాడు మేకు కొడుతున్నాడు. పలక కొసన పొడవాటి కన్నం, కన్నం నడుమ మేకు. కొట్టి, పూర్తిగా దిగకముందే ఆపేశాడు. రెండోదీ అంతే. పలకని చేత్తో అటూ ఇటూ కదిపి చూశాడు. కదిలింది. సంతోషంగా తలూపాడు.

మా అమ్మ కెవ్వుమంది. "ఒసే, వాడు సగం కొట్టి వదిలేస్తున్నాడే! డబ్బివ్వకు!"

చెల్లెలు నవ్వి చెప్పింది. "బిగించకూడదమ్మా! చలికాలం సున్నాకి కింద ముప్పై, వేసవి ఎండకి గోడ అరవై డిగ్రీలు. పన్నెండడుగుల ఉక్కు పలక నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అల్యూమినియమైతే ఎనిమిది. గట్టిగా బిగిస్తే అది కదలలేక ఉబ్బిపోతుంది, వంకర్లు తిరుగుతుంది. అందుకని మేకు తలకీ పలకకీ మధ్య వెంట్రుకవాసి సందు ఉంచి, వేలాడదీస్తారు. పట్టుకోవాలి గానీ బిగించకూడదు."

ఫోన్లో కాసేపు నిశ్శబ్దం. ఇటు మా ఇంటి మీద మేస్త్రీ స్క్రూలు బిగిస్తున్న చప్పుడు. అమ్మ కింద నిలబడి అవి లెక్కపెడుతోంది కూడా. మూడు వందల పదకొండు దాకా వచ్చి, ఈ గొడవలో లెక్క తప్పింది.

"సరే" అంది చివరికి. "ఎక్కడి గాలి అక్కడిది. ఇక్కడ బిగించకపోతే ఎగిరిపోతుంది, అక్కడ బిగిస్తే విరిగిపోతుంది. నీకు తెలిసినట్టు చేసుకో." 

ఆ తర్వాత చెల్లెలు ఇల్లు అమ్మేద్దామన్న మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అమ్మ మా ఇద్దరి దగ్గరికీ రానని కూడా అనలేదు. ఉగాదికి వైజాగు వచ్చి పది రోజులుంది. పదకొండో రోజు పొద్దున్నే పెట్టె సర్దుకుంది. నేను మాత్రం "ఇంకో నాలుగు రోజులుండవే" అని ఒకే ఒక్కసారి అన్నాను. రెండోసారి అనబోయి ఊరుకున్నాను.

రేకు ఎగరదని నేను రాసివ్వలేను. అక్టోబరు వస్తే మా తీరం ప్రతిసారీ ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది. తుపాను హెచ్చరిక వస్తే ఏ కప్పునీ నమ్మకుండా స్లాబు ఉన్న బడికి వెళ్ళిపోవాలని అమ్మ చేత మాట తీసుకున్నాను. కప్పు ఎంత గట్టిదైనా నాన్నగారు లేచి లోపలికి వచ్చింది అమ్మ పిలిస్తేనే గదా.

మొన్న శ్రావణంలో నేను అక్కడ ఉండగా మొదటి పెద్ద వాన పడింది. పెంకుటింట్లో వాన గుసగుసలాడినట్టుంటుంది. రేకు మీద అలా కాదు, సంత. సీలింగు ఉన్నా సరే, పక్క మనిషి మాట వినబడలేదు. నాకు బాధనిపించింది. ఆ పాత చప్పుడు ఇక ఈ ఇంట్లో లేదు గదా అని. అమ్మ మాత్రం చెల్లెలికి ఫోన్ చేసి, మాట్లాడకుండా, ఫోన్ ఎత్తి పైకి పట్టుకుంది.

"విన్నావా?"

"విన్నానమ్మా. ఎంత బాగుందో! ఇక్కడ ఎంత పెద్ద వాన పడినా మాకు లోపలికి చప్పుడే వినపడదు."

అమ్మ మొహంలో జాలి. నిజమైన జాలి. సున్నాకి కింద ముప్పై డిగ్రీల చలి గురించి విన్నప్పుడు కూడా అంత జాలి చూడలేదు నేను.

"వినపడకపోతే ఎలాగే తల్లీ! దండెం మీద బట్టలెప్పుడు తియ్యాలో నీకెలా తెలుస్తుంది?"